ఒక్కపొద్దు ఏ రోజున?

తొలి ఏకాశి ముందురోజు మా ఇంట్లో జొన్నలు పేలేవి. కట్టెల పొయ్యి మీద మంగలం ఎర్రగా కాలాక నాయనమ్మ గుప్పెడు జొన్నలు వేసి పుల్లల కట్టతో గబగబా తిప్పేది. ముందు రెండు మూడు గింజలు చిటచిటమనేవి. చూస్తుండగానే మంగలం నిండా తెల్లటి పూలు. చల్లారాక వాటిని ఇసుర్రాయిలో పోసి విసిరి, బెల్లం దంచి కలిపితే పేలాల పిండి. నోట్లో వేసుకుని మాట్లాడామంటే పిండి కొరబోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని తినే పండుగ అదొక్కటే.

ఇంత పనీ మొదలుపెట్టే ముందు నాయనమ్మ గుడి దాకా వెళ్లి ఒక మాట అడిగొచ్చేది. "అయ్యగారూ, ఏకాశి రేపా, ఎల్లుండా?" ఒక ఏడు ఆయన "స్మార్తులకు రేపు, వైష్ణవులకు ఎల్లుండి" అన్నాడు. నాయనమ్మ ఊరుకోలేదు. "చంద్రుడొక్కడే గదయ్యా, ఏకాశి రెండెట్లయితది?" అని నిలదీసింది. ఆయన నవ్వి పంచాంగం మూశాడు. ఆమె అడిగినది అసలు సిసలు ఖగోళశాస్త్ర ప్రశ్న. ఈ అధ్యాయం దానికి జవాబు.

సగం జవాబు మన మాటల్లోనే ఉంది. నెల అంటే మాసం. కానీ నెలవంక, వెన్నెల, నెలపొడుపు అన్నప్పుడు ఆ నెల చంద్రుడే. పొద్దు అంటే సూర్యుడు. పొద్దు పొడిచింది, పొద్దు గూకింది అంటాం. ఖమ్మం పల్లెల్లో ఉపవాసానికి ఒక్కపొద్దు అని పేరు, ఒక పూట తిని ఉండటం కాబట్టి. అంటే ఉపవాసం ఎప్పుడో చెప్పేది నెల, ఎంతసేపో చెప్పేది పొద్దు. చిక్కంతా ఈ ఇద్దరి నడకా ఒకటి కాకపోవడంలో ఉంది.

అమావాస్య నాడు సూర్యచంద్రులిద్దరూ మనకు ఒకే దిక్కున ఉంటారు. అక్కడి నుంచి చంద్రుడు సూర్యుణ్ణి దాటి తూర్పుకు జరుగుతూ పోతాడు. ఇద్దరి మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే పాడ్యమి అయిపోయినట్టు, 24 అయితే విదియ. 120 డిగ్రీల దగ్గర ఏకాదశి మొదలై 132 దగ్గర ముగుస్తుంది. 180కి చేరితే పున్నమి. తిథి అంటే ఇంతే, ఆకాశంలో కొలిచిన 12 డిగ్రీల ముక్క. దానికి గడియారంతో గానీ, పొద్దుపొడుపుతో గానీ పుట్టుకతో వచ్చిన సంబంధమేమీ లేదు. రాత్రి రెండింటికి మొదలు కావచ్చు, మధ్యాహ్నం మూడున్నరకు ముగియవచ్చు.

పైగా ఈ ముక్కలన్నీ ఒకే నిడివి ఉండవు. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి కాస్త సాగిన వలయం. మనకు దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 3 లక్షల 63 వేల కిలోమీటర్లు, దూరంగా పోయినప్పుడు 4 లక్షల 5 వేలు. దగ్గరున్నప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నిదానంగా నడుస్తాడు. అందుకే ఒక తిథి 20 గంటల్లో అయిపోతే ఇంకొకటి 26 గంటలు దాటుతుంది. పాత సిద్ధాంత గణితం తిథికి 65 ఘడియల పైహద్దు, 54 ఘడియల కిందిహద్దు పెట్టింది. అంటే 26 గంటలు, 21 గంటల 36 నిమిషాలు. ఆకాశాన్ని నేరుగా లెక్కగట్టే దృక్ పంచాంగాల్లో ఆ హద్దులు రెండు వైపులా దాటుతాయి. రెండు పంచాంగాలు ఒకే తిథికి వేర్వేరు ముగింపు వేళలు చెప్పడానికి ఒక కారణం ఇదే.

ఇప్పుడు నాయనమ్మ ప్రశ్నకు వద్దాం. దశమి తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలకు ముగిసిందనుకోండి. పొద్దు పొడిచేది 5 గంటల 45కు. పొద్దుపొడుపు వేళకు ఏకాదశి ఉంది కాబట్టి స్మార్తులకు ఒక్కపొద్దు ఆ రోజే. వైష్ణవులు ఇంకాస్త వెనక్కి చూస్తారు. పొద్దుపొడుపుకు 4 ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, అరుణోదయం మొదలవుతుంది. మన ఉదాహరణలో 4 గంటల 9 నిమిషాలకు. ఆ వేళకు దశమి ఇంకా మిగిలే ఉంది. దశమి సోకిన ఏకాదశి వారికి పనికిరాదు, మర్నాటికి పోతారు. చంద్రుడు ఒక్కడే, ఏకాదశీ ఒక్కటే. దానికి ఏ పొద్దును జోడించాలన్న దగ్గర మనుషులు రెండు రకాలుగా నిర్ణయించుకున్నారు. ఇద్దరి లెక్కా సరైనదే.

ఆ పొద్దు కూడా ఊరూరికీ మారుతుంది. రేఖాంశాల తేడా వల్ల హైదరాబాద్ కంటే భద్రాచలంలో పొద్దు సుమారు 10 నిమిషాలు ముందు పొడుస్తుంది. తిథి ముగింపు ఆ పది నిమిషాల్లో పడితే రెండు ఊళ్ల పండుగ తేదీలు వేరవుతాయి. ఇక డాలస్‌లో ఉన్న తెలుగువాళ్ల సంగతి సరేసరి. వేసవిలో ఇక్కడ ఉదయం 8 గంటలకు ముగిసిన తిథి అక్కడి గడియారంలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకే ముగుస్తుంది. ఖమ్మం నుంచి అమ్మ ఫోన్ చేసి "ఇయ్యాల ఏకాశి" అంటే, అక్కడి కొడుక్కి ఏకాశి నిన్ననే అయిపోయి ఉండొచ్చు.

తిథి గొడవ ఒక రోజుతో తీరుతుంది. నెలల గొడవ పెద్దది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఇలాంటివి పన్నెండు కలిపితే 354 రోజులు దాటి కొంచెం. సూర్యుడి ఏడాదికి ఇంకా 11 రోజులు తక్కువ. ఆ 11 రోజులను ఏం చేశామన్నదే మన పంచాంగం కథ.

భద్రాచలం సీతారాముల కల్యాణం తేదీలు చూడండి. 2022లో ఏప్రిల్ 10. 2023లో మార్చి 30, అంటే 11 రోజులు వెనక్కి. ఇలాగే పోతే 2024లో మార్చి 19 ప్రాంతంలో రావాలి. వచ్చింది ఏప్రిల్ 17న. మధ్యలో ఒక నెల దూరింది. 2023 జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. ఆ మరుసటి ఏడు 2025లో ఏప్రిల్ 6, మళ్లీ 11 రోజులు వెనక్కి. రెండు అడుగులు వెనక్కి, ఒక పెద్ద అంగ ముందుకు. అందుకే శ్రీరామనవమి ఎన్నేళ్లయినా మార్చి చివరికీ ఏప్రిల్ మూడో వారానికీ మధ్యే తిరుగుతుంది తప్ప వానల్లోకో చలిలోకో జారిపోదు. మిరియాల పానకం, వడపప్పు ఎండల పండుగవిగానే మిగిలాయి.

అధికమాసం ఎక్కడ వేయాలో ఎవరూ కూర్చుని తీర్మానించరు. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశికి మారడం సంక్రమణం. రెండు అమావాస్యల మధ్య ఒక్క సంక్రమణమూ లేకపోతే ఆ నెల అధికం. సగటున 32 నెలలు దాటాక ఒకసారి ఇలా జరుగుతుంది. భూమి సూర్యుడికి దూరంగా ఉండే జూన్, జూలైలలో ఒక రాశి దాటడానికి 31 రోజుల పైనే పడుతుంది, కాబట్టి అధికమాసాలు ఎక్కువగా ఎండాకాలం, వానాకాలం నెలల్లోనే పడతాయి. చలికాలంలో భూమి వడి పెరిగి, ఒకే నెలలో రెండు సంక్రమణాలు ఇరుక్కుంటే ఏకంగా ఒక నెలే మాయమవుతుంది. 1983లో అలా క్షయమాసం వచ్చింది. ఇంకో ముచ్చట. 2023లో లాగే 2004లోనూ జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకే అధిక శ్రావణం. మధ్య 19 ఏళ్లు. 235 చంద్రమాసాలు, 19 సూర్య సంవత్సరాలు దాదాపు సమానం, తేడా రెండు గంటలే. క్రీ.పూ. 432లో ఏథెన్స్‌లో మెటాన్ అనే ఖగోళజ్ఞుడి పేరుతో ఈ చక్రం ప్రసిద్ధికెక్కింది. మీ పంతొమ్మిదో పుట్టినరోజున పంచాంగం తీసి తిథి చూడండి. పుట్టిన నాటి తిథో, దాని పక్కదో కనిపిస్తుంది.

11 రోజులను సర్దకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు. అదే ఊళ్లో, అదే వీధి చివర పీర్ల చావిడి ఉంటుంది. పీర్ల పండుగ హిజ్రీ నెలల ప్రకారం వస్తుంది. అది కూడా చంద్రుడి లెక్కే, కానీ అందులో అధికమాసం లేదు. ఏటా 11 రోజులు వెనక్కి జారుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. అందుకే మన పల్లెల్లో పెద్దవాళ్లు చలికాలపు పీర్ల పండుగనూ చూశారు, నాట్ల కాలపు పీర్ల పండుగనూ చూశారు. నెలవంక కనబడిన సాయంత్రం నుంచి లెక్క మొదలు కాబట్టి పీర్ల పండుగ జరిగే మొహర్రం పదో రోజు ఎప్పుడూ శుక్లపక్షం పది, పదకొండు తిథుల దగ్గరే పడుతుంది. 2024లో జూలై 17న తొలి ఏకాశి, పీర్ల పండుగ ఒకే రోజు వచ్చాయి. 2025లో జూలై 6న మళ్లీ రెండూ కలిసే వచ్చాయి. ఒక ఇంట్లో పేలాల పిండి, చావిడి ముందు గుండం. రెండేళ్ల పాటు రెండు పంచాంగాలూ జోడెడ్లలా నడిచాయి. 2026లో మన లెక్కకు జ్యేష్ఠం అధికం కావడంతో ఏకాశి జూలై 25కు జరిగింది, పీర్లు జూన్ చివరికి వెళ్లాయి. ఈ ఇద్దరూ మళ్లీ కలవాలంటే ముప్పై ఏళ్ల పైచిలుకు ఆగాలి. పల్లెలో బతుకుతూ ఇది గమనించకపోతే ఎంత అందాన్ని పోగొట్టుకుంటామో అనిపిస్తుంది నాకు.

భద్రాచలంలో పొద్దు, నెల కలిసి చేసే పనిని ఇంకా దగ్గరగా చూడొచ్చు. రామనవమికి నవమి తిథి ఉంటే చాలదు, అది మధ్యాహ్నం వేళకు ఉండాలి. మిథిలా ప్రాంగణంలో జీలకర్ర, బెల్లం పెట్టేది గడియారంలో 12 గంటల ప్రాంతంలో, అభిజిత్ ముహూర్తాన. ఏప్రిల్ మొదటి వారంలో అక్కడ ఒక మీటరు కర్రను నిట్టనిలువుగా పాతి చూడండి. నీడ జానెడు కూడా ఉండదు. 12 గంటలకు ఆ నీడ సరిగ్గా ఉత్తరానికి కాక రవ్వంత పడమటికి వాలి ఉంటుంది. అది నేరుగా ఉత్తరానికి తిరిగేది సుమారు 12 గంటల 9 నిమిషాలకు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భద్రాచలం ఉన్నది దానికి పడమట, 81 డిగ్రీలకు కాస్త ఇటు. ఆ తేడాకు ఆరున్నర నిమిషాలు, భూమి నడకలో హెచ్చుతగ్గులకు మరో రెండు మూడు. మరి ముహూర్తం తప్పిందా? లేదు. అభిజిత్తు ఒక క్షణం కాదు, నడినెత్తి పొద్దుకు అటూ ఇటూ కలిపి సుమారు 48 నిమిషాల వ్యవధి. నీడను చూసి కాలం కొలిచిన పెద్దలు నిమిషాల ముల్లు లేని రోజుల్లోనే ఈ వెసులుబాటు ఉంచారు. 2020 ఏప్రిల్ 2న, కరోనా లాక్‌డౌన్‌లో, జనమే లేకుండా గుడి లోపల కల్యాణం జరిగింది. అప్పుడూ తిథి మారలేదు, వేళ మారలేదు.

ఇదే రాముడికి కడప జిల్లా ఒంటిమిట్టలో రాత్రిపూట, పున్నమి దగ్గరి వెన్నెల్లో కల్యాణం చేస్తారు. ఒకచోట పొద్దు సాక్షి, ఇంకోచోట నెల.

ముక్కోటి ఏకాదశి లెక్క వేరు. ముందురోజు సాయంత్రం గోదావరిలో హంస వాహనం మీద తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. 2020లో ఇది రెండుసార్లు వచ్చింది, జనవరి 6న ఒకటి, డిసెంబరు 25న ఇంకొకటి. 2021లో అసలు రాలేదు. 2022లో జనవరి 13న ఒకటి. 2023లో మళ్లీ రెండు, 2024లో సున్నా, 2025లో రెండు. కారణం ఏమిటంటే ఇది ఒక చంద్రమాసానికి కట్టిన పండుగ కాదు. సూర్యుడు ధనూరాశిలో ఉండే నెలలో పడే శుక్ల ఏకాదశికి కట్టింది. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతికి ముగుస్తుంది, సరిగ్గా దాని నడుమ నుంచి ఇంగ్లీషు ఏడాది గీత గీస్తుంది. 2020 డిసెంబరు 25 నుంచి పన్నెండు చంద్రమాసాలు లెక్కపెడితే 2021 డిసెంబరు 14 వస్తుంది. ఆ ఏకాదశి నాటికి సూర్యుడు ఇంకా ధనుస్సులో అడుగుపెట్టలేదు. ఒకటి రెండు రోజుల్లో తప్పిపోయింది! తరవాతి ఏకాదశి 2022 జనవరి 13, సంక్రాంతికి ఒక్క రోజు ముందు. క్యాలెండర్ చూసి "ఈ ఏడు ముక్కోటి లేదట" అని కంగారుపడేవాళ్లకు ఇది చెప్పాలి. ఏ ధనుర్మాసమూ చిన్నబోలేదు. గీత మనం గీసుకున్నది.

భద్రాచలం నుంచి వాయవ్యానికి అడవిలోకి పోతే మేడారం. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ శుద్ధ పున్నమికి అంటారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో ముడి కనిపిస్తుంది. 2020లో ఫిబ్రవరి 5 నుంచి 8, 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24, 2026లో జనవరి 28 నుంచి 31. ప్రతిసారీ బుధవారం నుంచి శనివారం. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శుక్రవారం మొక్కులు, శనివారం వనప్రవేశం. అంటే చంద్రుడు చెప్పిన పున్నమికి దగ్గరి వారాన్ని పట్టుకుంటారు. ఎడ్లబండ్లు కట్టుకుని అడవి దారిన వచ్చిన కాలంలో ఆ నాలుగు రాత్రులు ఎంత వెలుగో ఊహించండి. ఒక రాత్రి అంతా కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి కావాలంటే ఇంకో పక్షం ఆగాలి. మాఘ బహుళ చతుర్దశి, శివరాత్రి. మున్నేరు, ఆకేరు, బుగ్గేరు కలిసే తీర్థాల సంగమేశ్వరుడి దగ్గర జాగారం చేసినవాళ్లకు తెలుసు. ఆ రాత్రి చంద్రుడు తెల్లవారే ముందు సన్నటి గీతలా పొడుస్తాడు, జాగారం ముగియవచ్చిందని చెప్పడానికే వచ్చినట్టు.

ఆ రాత్రే చత్తీస్‌గఢ్‌లో శబరి ఒడ్డునున్న కుంటకు వెళ్లి అడిగితే మాఘం కాదు, ఫాల్గుణం అంటారు. చత్తీస్‌గఢ్ పంచాంగంలో నెల పున్నమికి ముగుస్తుంది, మనకు అమావాస్యకు. శుక్లపక్షం ఇద్దరికీ ఒకే పేరు, బహుళపక్షం మాత్రం మనకు పాత నెలలో ఉంటే వాళ్లకు కొత్త నెలలో ఉంటుంది. ఆకాశం ఒకటే, రాత్రి ఒకటే, మొక్కే శివుడూ ఒకడే. రామనవమికి ఈ తేడా తగలదు, అది శుక్లపక్షంలోది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఏకాదశి నాడు చంద్రుడి ఆకర్షణ ఒంట్లోని నీటిని లాగుతుందనీ, అందుకే ఆ రోజు తినకూడదన్నారనీ చాలామంది చెబుతారు. అది నిజం కాదు. సముద్రం వేల కిలోమీటర్లు పరుచుకుని ఉంది కాబట్టి ఈ చివరా ఆ చివరా చంద్రుడి లాగుడులో తేడా ఉండి పోటు పుడుతుంది. ఐదారు అడుగుల మనిషిలో ఆ తేడా లేనట్టే. పైగా పెద్ద పోటు వచ్చేది పున్నమి, అమావాస్యలకు, చిన్న పోటు అష్టమి ప్రాంతంలో. ఏకాదశి రెంటికీ చెందదు. ఒక్కపొద్దుకు ఇలాంటి దొంగ సాక్ష్యం అక్కర్లేదు. అధికమాసం లేని ఏడాదిలో 24, ఉన్న ఏడాదిలో 26 ఏకాదశులు. కోట్లమంది ఒకే లెక్క పట్టుకుని శతాబ్దాలుగా రోజు తప్పకుండా పాటిస్తున్నారంటే ఆ గణితమే గొప్పది. షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే ఒక్కపొద్దుండాలి.

ఆ గణితంలోనూ ఒక జారుడు ఉంది. మన సూర్య సంవత్సరం నక్షత్రాలను చూసి కొలిచింది, రుతువులను చూసి కాదు. రెండింటికీ ఏడాదికి 20 నిమిషాల తేడా. సుమారు 72 ఏళ్లకు ఒక రోజు. పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలో, మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15న. ఆ మధ్య దూరం ఈ 20 నిమిషాలు పోగుపడి ఏర్పడిందే. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం దీన్ని గట్టిగా ఎత్తిచూపింది. ఆ సంఘం చెప్పిన రుతువుల లెక్కతో జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ఆకాశవాణి వార్తల్లోకీ, ప్రభుత్వ గెజిట్ల మీదికీ వచ్చింది గానీ, ఒక్కపొద్దుల జోలికి రాలేకపోయింది. ఇంకో వెయ్యేళ్లకు చైత్రం మరో 14 రోజులు ఎండల్లోకి జరుగుతుంది.

ఈ జారుడు అంటని పండుగలు భద్రాచలం చుట్టూ గూడేల్లో ఉన్నాయి. కోయలు పండుగను పండుం అంటారు. విత్తనాలు చల్లే ముందు ఒకటి, కొత్త పంట ఇంటికొచ్చాక ఒకటి. కొత్తగా కాసినదాన్ని దేవతకు పెట్టి పండుగ చేసేదాకా నోట పెట్టరు. చిక్కుళ్లు తీగకు వేలాడుతున్నా, మామిడి కాయ చేతికందుతున్నా, పండుగ కాలేదంటే ముట్టరు. అది కూడా ఉపవాసమే, ఒక పూటకు కాక ఒక కాయకు కట్టింది. రోజు ఎప్పుడన్నది ఊరి పెద్దలు, పూజారి కూర్చుని నిర్ణయిస్తారు, చెట్టూ చేనూ ఎలా ఉన్నాయో చూసి. అందుకే పక్కపక్క గూడేలకే వేర్వేరు రోజుల్లో రావచ్చు.

ఫాల్గుణ పున్నమి నాడు భద్రాచలం గుడిలో పసుపు కలిపి కల్యాణ తలంబ్రాల పని మొదలుపెడతారు. అక్కడికి నవమి 24 తిథుల దూరం. ఇంచుమించు ఆ రోజుల్లోనే అడవిలో ఇప్ప చెట్లు ఆకు రాల్చి మొగ్గ తొడుగుతాయి. పూలు రాత్రిపూట రాలతాయి. పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు, పిల్లలు గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. చెట్టు కింద ఎండుటాకులు ముందే ఊడ్చి శుభ్రం చేసి ఉంచుతారు. లేత పసుపు రంగు పూలు, లోపల తేనె బరువు. చీకట్లో ఒకటొకటిగా నేల మీద పడే చప్పుడు వినిపిస్తుంది. ఏ ఏడు ఏ రోజున మొదలవుతుందో ఏ పంచాంగంలోనూ ఉండదు. ముందురోజు సాయంత్రం చెట్టు కింద నిలబడి తలెత్తి చూసినవాళ్లు చెబుతారు.